పంపు కంటే ముందు ట్యాంకును పరీక్షించండి

హైడ్రాలిక్ మెషినరీ ల్యాబ్‌లో పిల్లల చేత పంపు పరీక్ష చేయించడం నా ఉద్యోగం. పాలిటెక్నిక్‌లో ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. థియరీ చెప్పడానికి లెక్చరర్లు ఉన్నారు. స్టార్టర్ నొక్కడం, గ్లాండ్ (షాఫ్ట్ చుట్టూ నీళ్లు కారకుండా ప్యాకింగును పట్టి ఉంచే బిగింపు) బిగించడం, చివర్లో నేల మీద నీళ్లు తుడిపించడం నా వంతు. కాబట్టి నేను రాసేది మాన్యువల్ వరసలో ఉండదు. మాన్యువల్ మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకుని చేసినా అదే పంపుకి ఒక బ్యాచ్‌లో ఎఫిషియెన్సీ 28 శాతం, ఇంకో బ్యాచ్‌లో 35 శాతం ఎందుకు వస్తుందో మాత్రం అందులో ఉండదు. వారం రోజుల్లో పంపు అంతగా మారిపోదు. మారింది కొలత.

ముందు సామాను సంగతి. కింద సంపు, ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారూ పంపూ ఒకటిగా ఉండే) సెంట్రిఫ్యూగల్ పంపు, సక్షన్ (నీళ్లు లాగే) వైపు వాక్యూమ్ గేజ్, డెలివరీ (నీళ్లు తోసే) వైపు ప్రెషర్ గేజ్, గేట్ వాల్వ్, పక్కన గాజు గొట్టం బిగించిన కలెక్టింగ్ ట్యాంకు, బోర్డు మీద ఎనర్జీ మీటర్. ఇంకో బెంచి మీద ప్రవాహం కొలిచే వెంచురీ మీటర్ (మధ్యలో గొంతులా సన్నబడే పైపు), ఆరిఫీస్ మీటర్ (పైపులో కన్నం ఉన్న ప్లేటు), వాటిలో ఒత్తిడి తేడా చూపడానికో పాదరసం మానోమీటర్. ఆంధ్రా, తెలంగాణ కాలేజీల్లో ఎక్కడికెళ్లినా కాస్త అటూ ఇటూగా ఇదే సరంజామా. డిజిటల్ డిస్‌ప్లేలు ఉన్న కొత్త రిగ్గులు వస్తున్నాయి గానీ, వాటికీ చివరికి ఆధారం ఆ రేకు ట్యాంకే.

అందుకే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ట్యాంకు, స్టాప్‌వాచ్

ప్రవాహం కొలిచే లెక్క చాలా తేలిక. ట్యాంకు అడుగు వైశాల్యాన్ని నీటి మట్టం పెరిగిన ఎత్తుతో గుణించి, పట్టిన సెకన్లతో భాగిస్తే డిశ్చార్జి. 50 సెం.మీ. × 50 సెం.మీ. ట్యాంకులో 10 సెం.మీ. పెరిగితే 25 లీటర్లు. ఇంత తేలిక కాబట్టే ఎవరూ దీన్ని అనుమానించరు. వెంచురీ సీడీ (అసలు ప్రవాహానికీ మీటర్ లెక్కకీ ఉన్న నిష్పత్తి), పంపు ఎఫిషియెన్సీ, ఏ జవాబు తీసుకున్నా ఈ డిశ్చార్జి మీదే నిలబడుతుంది. ఇక్కడ 2 శాతం పోతే అక్కడా 2 శాతం పోయినట్టే.

ట్యాంకు మీద 50 × 50 అని రాసి ఉంటుంది. అది బయటి కొలతో లోపలి కొలతో రాసి ఉండదు. లోపల నిజంగా 49.5 ఉంటే వైశాల్యం 2500 బదులు 2450 చదరపు సెంటీమీటర్లే. పైగా నీళ్లు నిండాక రేకు పక్కలు కాస్త ఉబ్బుతాయి. స్కేలు పెట్టి కొలిస్తే ఇదంతా దొరకదు. తూకంతో దొరుకుతుంది. కిరాణా కొట్టులో వాడే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి తెప్పించండి. బకెట్‌తో నీళ్లు తూచి, ఖాళీ బకెట్ బరువు తీసేసి, గాజు గొట్టంలో మట్టం 5 సెం.మీ. నుంచి 35 సెం.మీ.కి వచ్చేదాకా పోయండి. మన వాతావరణంలో 30 డిగ్రీల నీళ్లు లీటరుకు 996 గ్రాములు తూగుతాయి. ట్యాంకు నిజంగా 50 × 50 అయితే ఆ 30 సెంటీమీటర్లకు 74.7 కిలోలు పట్టాలి. 73.2 కిలోలే పట్టాయనుకోండి, మీ ట్యాంకులో 10 సెం.మీ. అంటే 24.5 లీటర్లు. ఆ అంకెను పెయింట్‌తో ట్యాంకు మీదే రాయించండి. ఇక నుంచి లెక్కల్లో వాడాల్సింది దాన్నే.

సున్నా నుంచి కాకుండా 5 నుంచి ఎందుకంటే, ట్యాంకు అడుగు డ్రెయిన్ వైపు వాలుగా ఉండొచ్చు. గాజు గొట్టం కింది కన్నంలో పాచి పట్టి ఉంటే లోపలి మట్టం పెరిగిన కాసేపటికి గానీ గొట్టంలో పెరగదు. మొదటి 5 సెంటీమీటర్లు వదిలేస్తే ఈ రెండు గొడవలూ తప్పుతాయి. గొట్టాన్ని సన్నని బ్రష్‌తో శుభ్రం చేస్తే ఇంకా మంచిది.

తర్వాత లీకు. ట్యాంకు సగం నింపి, డ్రెయిన్ వాల్వ్ మూసి, మట్టం రాసుకుని అయిదు నిమిషాలు వదిలేయండి. ఒక సెంటీమీటరు తగ్గితే సెకనుకు దాదాపు 8 మిల్లీలీటర్లు కారిపోతున్నట్టు. పంపు పరీక్షలో సెకనుకు 2 లీటర్లు వస్తుంటే ఇది అర శాతం కూడా కాదు, వదిలేయొచ్చు. వెంచురీ మీద సెకనుకు 0.3 లీటర్లతో రీడింగు తీసేటప్పుడు అదే లీకు 3 శాతానికి దగ్గర. లీకు అంతే ఉంటుంది, దాని దెబ్బ మాత్రం తక్కువ ప్రవాహం దగ్గరే తెలుస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

స్టాప్‌వాచ్‌కి ఫోన్ చాలు. నొక్కేటప్పుడు మొదట్లో కాస్త, చివర్లో కాస్త కలిపి 0.3 సెకన్ల తేడా ఎవరికైనా వస్తుంది. మాన్యువల్‌లో 10 సెం.మీ. పెరుగుదలకు టైమ్ తీయమని ఉంటుంది. సెకనుకు 2 లీటర్లు వచ్చే పంపుకి అది పన్నెండున్నర సెకన్లే. అంటే వేలు ఆలస్యమైనందుకే 2 శాతంకన్నా ఎక్కువ పోయింది. 30 సెం.మీ.కి తీస్తే ఆ తప్పు ఒక శాతంలోపుకి దిగుతుంది. పీరియడ్ అయిపోతోందని తొందరపడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: రీడింగులు తగ్గించుకోండి, ఒక్కో రీడింగుకి టైమ్ తగ్గించకండి.

వెంచురీ, ఆరిఫీస్

ట్యాంకును నమ్మొచ్చని తేలాకే మీటర్ల దగ్గరికి రండి. ఇక్కడ చేసేది క్యాలిబ్రేషన్. మీటర్ ఎంత చెబుతోంది, ట్యాంకులోకి నిజంగా ఎంత వచ్చింది, ఈ రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే సీడీ.

గొంతు సన్నబడిన చోట వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుందని ఇటలీకి చెందిన వెంచురి 1797లోనే రాశాడు. దాన్ని మీటరుగా మార్చింది అమెరికా ఇంజనీరు క్లెమెన్స్ హెర్షెల్, 1880ల చివర్లో. హోల్యోక్ పట్టణంలో కాలువ నీళ్లు వాడుకునే మిల్లులకు లెక్క కట్టడం ఆయన పని. నీళ్ల బిల్లు కోసం పుట్టిన మీటర్ అన్నమాట. పిల్లలకు బెర్నౌలీ సూత్రం కన్నా ఈ బిల్లు సంగతే బాగా గుర్తుంటుంది.

పాదరసం మానోమీటర్ ఉంటే ముందు దాని భయం ఉండాలి. పైపు నుంచి మానోమీటర్‌కి ఒత్తిడి అందించే రెండు ట్యాపింగ్ కాక్‌లలో ఒకటే తెరిస్తే పాదరసం అంతా ఎగిరి పైపులోకి, అక్కడి నుంచి సంపులోకి పోతుంది. మధ్యలో బైపాస్ కాక్ ఉంటుంది, దాన్ని తెరిచి ఉంచి, ఆ తర్వాతే రెండు ట్యాపింగులనూ మెల్లగా, కలిపి తెరవాలి. కింద పడితే చీపురు పెట్టకూడదు, వాక్యూమ్ క్లీనర్ అసలే పెట్టకూడదు. కిటికీలు తెరిచి, గంధకం పొడి చల్లి, గట్టి కాగితంతో పోగుచేసి మూత ఉన్న సీసాలో వేయాలి. బంగారు ఉంగరాలు, గాజులు ముందే తీయించండి, పాదరసం తగిలితే తెల్లబడిపోతాయి. పాదరసం వాడకం తగ్గించాలని 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది, మన దేశమూ అందులో ఉంది. బడ్జెట్ దొరికితే డిఫరెన్షియల్ ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌కి మారిపోండి. అందాకా మానోమీటర్ కింద ఒక ట్రే పెట్టండి.

ఇప్పుడు గాలి తీయడం. ల్యాబ్‌లో ఎక్కువ రికార్డులను పాడుచేసేది ఇదే. మానోమీటర్‌కి వెళ్లే ట్యూబుల్లో ఒకవైపు 10 సెం.మీ. ఎత్తున గాలి బుడగ ఇరుక్కుందనుకోండి. అది పాదరసం రీడింగులో 8 మి.మీ. తేడా. పాదరసం రీడింగును నీటి హెడ్‌గా (ఒత్తిడిని నీటి ఎత్తుగా చెప్పే కొలత) మార్చడానికి 12.6తో గుణిస్తాం కదా, ఇక్కడ అదే 12.6తో భాగించాలి, 100 మి.మీ. కాస్తా 8 అవుతుంది. రీడింగు 400 ఉన్నప్పుడు ఈ 8 కనిపించదు. రీడింగు 25 ఉన్నప్పుడు మూడో వంతు అదే. కాబట్టి నీళ్లు పారిస్తూ పైన ఉన్న వెంట్ కాక్‌లు తెరిచి, బుడగలు ఆగి నీళ్లే కారేదాకా ఉంచండి. తర్వాత ప్రవాహం పూర్తిగా ఆపి చూడండి. రెండు గొట్టాల్లో పాదరసం ఒకే మట్టంలో ఉండాలి. 2 మి.మీ. తేడా ఉన్నా మళ్లీ గాలి తీయించండి. ఆ 2 మిల్లీమీటర్లను రాసుకుని తర్వాత తీసేద్దాం అంటారు కొందరు. వద్దు, పారేటప్పుడు బుడగ ఒకచోట ఉండదు.

ప్రవాహాన్ని మీటర్ తర్వాత ఉన్న వాల్వ్‌తోనే తగ్గించాలి. ముందున్న వాల్వ్ పూర్తిగా తెరిచి ఉండాలి. సగం మూసిన వాల్వ్ నుంచి నీళ్లు సుడులు తిరుగుతూ వస్తాయి, వెంచురీకి ముందు కనీసం పది పైపు వ్యాసాల తిన్నని పొడవు ఉన్నా అవి పూర్తిగా సర్దుకోవు. వాల్వ్ తిప్పాక ఒకటి రెండు నిమిషాలు ఆగి, పాదరసం నిలకడగా ఉన్నాక రాయండి.

రీడింగులు ఎక్కడెక్కడ తీయాలన్నది ఎవరూ చెప్పని విషయం. పిల్లలు మామూలుగా 100, 200, 300, 400 అని సమాన దూరంలో తీస్తారు. కానీ ప్రవాహం రీడింగు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ఆ నాలుగు బిందువులూ గ్రాఫ్‌లో పైకి వెళ్లి గుంపుగా కూర్చుంటాయి, కింద అంతా ఖాళీ. 25, 100, 225, 400 దగ్గర తీసి చూడండి. 25 మి.మీ. పైపు, 12.5 మి.మీ. గొంతు ఉన్న వెంచురీకి లెక్క ప్రకారం ప్రవాహం వరసగా సెకనుకు 0.315, 0.630, 0.945, 1.260 లీటర్లు. చూశారా, మెట్లు సమానంగా పడ్డాయి.

100 దగ్గర మనకు 25 లీటర్లు నిండడానికి 41 సెకన్లు పట్టిందనుకుందాం. అసలు ప్రవాహం 0.610, లెక్క ప్రకారం 0.630, సీడీ 0.968. వెంచురీకి 0.95 నుంచి 0.98 మధ్య వస్తే మంచిదే. అదే పైపులో 12.5 మి.మీ. కన్నం ఉన్న ఆరిఫీస్ ప్లేటుకి 0.60 నుంచి 0.63 మధ్య వస్తుంది. ఇదేమీ చేతకాని మీటర్ అని కాదు. కన్నం దాటాక కూడా నీటి ధార ఇంకాస్త సన్నబడుతుంది, మనం మాత్రం కన్నం వైశాల్యంతో లెక్క కడుతున్నాం. అదే 0.610 ప్రవాహాన్ని ఆరిఫీస్ గుండా పంపితే మానోమీటర్ 100 బదులు 240 దాకా చూపిస్తుంది. అందులో ఎక్కువ భాగం తిరిగి రాదు, శాశ్వతంగా పోయే ఒత్తిడే. వెంచురీలో కింది వైపు పొడవాటి వాలు పెట్టింది ఆ ఒత్తిడిని తిరిగి రాబట్టడానికే. ఖరీదూ దానికే.

సీడీలు లెక్కకట్టాక సగటు తీసి గీత గీసేయకండి. వాటి వరస చూడండి, జబ్బు ఏమిటో అదే చెబుతుంది. అన్ని రీడింగుల్లోనూ ఒకే రకంగా 1.03, 1.04 అని వస్తే ట్యాంకు వైశాల్యం తప్పు, లేదా గొంతు వ్యాసం తప్పు. ప్లేటు మీద 12.5 అని ఉండి నిజంగా 12.8 ఉంటే చాలు, సీడీ 5 శాతం పెరుగుతుంది. పై రీడింగులు బాగుండి కింది రీడింగులు మాత్రం చెడితే ట్యూబులో గాలి, లేదా ట్యాంకు లీకు. నేను పైన గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. లీకు అయితే సీడీ తగ్గుతుంది. గాలి అయితే బుడగ ఏ వైపు ఉందన్నదాన్ని బట్టి పెరగొచ్చు, తగ్గొచ్చు. మరీ తక్కువ ప్రవాహంలో వెంచురీ సీడీ సహజంగానే కొంచెం తగ్గుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. ఇక పైకీ కిందికీ పద్ధతి లేకుండా గెంతుతుంటే అది స్టాప్‌వాచ్ పట్టుకున్నవాళ్ల తొందర. లాగ్-లాగ్ కాగితం మీద రీడింగు, ప్రవాహం గీస్తే వాలు 0.5 రావాలి. 0.46, 0.55 లాంటివి వస్తే మళ్లీ గాలి దగ్గరికే వెళ్లండి.

పంపు

స్విచ్ వేసే ముందు నేల తడి ఉందేమో చూడండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందో చూడండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పనిచేస్తోందో లేదో టెస్ట్ బటన్ నొక్కి చూడండి. చున్నీలు, వదులు చొక్కాలు షాఫ్ట్ దగ్గరికి రాకూడదు. వీటి మీద నేను ఉపన్యాసం ఇవ్వను, పాటించనివాళ్లను బయట నిలబెడతాను.

ప్రైమింగ్: పైనున్న గాలి కాక్ తెరిచి, గరాటుతో కేసింగ్ నిండా నీళ్లు పోసి, బుడగలు ఆగాక మూయాలి. పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతుంటే సక్షన్ పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వ్‌లో చెత్త పడింది, ముందు అది తీయించండి. మూడు ఫేజుల మోటారైతే తిరిగే దిక్కు కేసింగ్ మీది బాణంతో సరిపోవాలి. ఎదురు తిరిగినా సెంట్రిఫ్యూగల్ పంపు ఎన్నో కొన్ని నీళ్లు తోస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, హెడ్ మాత్రం ఘోరంగా పడిపోతుంది.

డెలివరీ వాల్వ్ మూసి స్టార్ట్ చేయండి. ప్రవాహం లేనప్పుడు ఈ రకం పంపు తీసుకునే పవర్ అన్నిటికన్నా తక్కువ, మోటారు తేలికగా లేస్తుంది. అలాగని నిమిషాల తరబడి మూసి ఉంచకండి, లోపలి నీళ్లు వేడెక్కుతాయి. పక్క బెంచి మీద రెసిప్రొకేటింగ్ (పిస్టన్‌తో నడిచే) పంపు ఉంటే దానికి నియమం సరిగ్గా తలకిందులు. డెలివరీ తెరిచే స్టార్ట్ చేయాలి, మూసి నడిపితే పైపో గేజో పగులుతుంది. వైవాలో ఈ ప్రశ్న వస్తుంది. వైవాలో రాకపోయినా తెలిసి ఉండాలి.

గ్లాండ్ దగ్గర బొట్లు బొట్లుగా నీళ్లు కారుతుంటే బాగున్నట్టే. అది చూడగానే స్పానర్ తీసి బిగించేసే ఉత్సాహవంతుడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. పూర్తిగా బిగిస్తే ప్యాకింగ్ మాడి, షాఫ్ట్ గీరుకుపోతుంది, పవర్ రీడింగూ పెరుగుతుంది. మెకానికల్ సీల్ ఉన్న మోనోబ్లాక్‌కి ఈ బాధ లేదు.

ఇక హెడ్. మూడు ముక్కలు కలపాలి. డెలివరీ గేజ్ కిలోల్లో (చదరపు సెంటీమీటరుకు) ఉంటే 10తో గుణిస్తే మీటర్లు. వాక్యూమ్ గేజ్ పాదరసం మిల్లీమీటర్లలో ఉంటే 0.0136తో గుణించాలి. మూడోది రెండు గేజుల మధ్య ఎత్తు. డెలివరీ గేజ్ ట్యూబు నిండా నీళ్లు ఉంటాయి కాబట్టి అక్కడ గేజ్ మధ్యబిందువు నుంచి కొలవాలి. వాక్యూమ్ గేజ్ ట్యూబులో మామూలుగా గాలే ఉంటుంది, కాబట్టి అక్కడ పైపు మీది ట్యాపింగ్ నుంచి. బోర్డు మీద రెండు గేజులూ పక్కపక్కన ఉన్నాయని ఈ ఎత్తును సున్నా వేస్తారు. అది తప్పు. సక్షన్, డెలివరీ పైపుల సైజులు వేరైతే వేగం వల్ల వచ్చే హెడ్ తేడా కూడా కలపాలి. సక్షన్ 32 మి.మీ., డెలివరీ 25 మి.మీ., సెకనుకు 2 లీటర్లు అయితే అది అర మీటరు పైనే. సైజులు ఒకటే అయితే అక్కర్లేదు.

గేజ్ ముల్లు కొట్టుకుంటుంటే కాక్‌ను సగం మూసి నెమ్మదింపజేయండి, చదివే ముందు వేలితో అద్దం మీద చిన్నగా తట్టండి. పంపు ఆగి ఉన్నప్పుడు ముల్లు సున్నా దగ్గర లేకపోతే ఆ తేడా ముందే రాసుకోవాలి. ఇక్కడ రాసుకుని తీసేయడం చెల్లుతుంది, ముల్లు బుడగలా చోటు మారదు.

పవర్ దగ్గర ఒక చిన్న మాట చాలా కాపాడుతుంది. ఎనర్జీ మీటర్ మీద ఎర్ర లైటు వెలగడం లెక్కపెట్టాలి కదా, మొదటిసారి వెలిగినప్పుడు "ఒకటి" అని మొదలుపెట్టి "పది" అనగానే ఆపేస్తారు. అప్పుడు గడిచింది తొమ్మిది విరామాలే. పవర్ 11 శాతం ఎక్కువ వస్తుంది. "సున్నా అను నాన్నా" అని ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. వాచ్ నొక్కేది సున్నా దగ్గర, ఆపేది పది దగ్గర. బిళ్ల తిరిగే పాత మీటరైనా, ఎర్ర గుర్తుకి ఇదే పద్ధతి.

ఒక పూర్తి లెక్క చూద్దాం. పైపులు రెండూ ఒకే సైజు, ప్రవాహం సెకనుకు 2 లీటర్లు. డెలివరీ గేజ్ 0.9 కిలోలు, అంటే 9 మీటర్లు. వాక్యూమ్ 150 మి.మీ., అంటే 2.04. ఎత్తు తేడా 0.4. మొత్తం హెడ్ 11.44 మీటర్లు. నీటికి అందిన పవర్ 9.81 × 2 × 11.44, దాదాపు 224 వాట్లు. మీటర్ మీద యూనిట్‌కి 3200 ఇంపల్స్‌లు (ఎర్ర లైటు వెలుగులు), పది ఇంపల్స్‌లకు 14.2 సెకన్లు. 3600ని 10తో గుణించి, 3200తో, 14.2తో భాగిస్తే 0.792 కిలోవాట్లు. మొత్తం ఎఫిషియెన్సీ, అంటే మోటారూ పంపూ కలిపి, 28 శాతం. ఇంత తక్కువా అని బాధపడకండి, ల్యాబుల్లో ఉండే చిన్న పంపులు ఇలాగే ఉంటాయి.

ఇక్కడ మాన్యువల్ మోటారు ఎఫిషియెన్సీ 80 శాతం అనుకోమంటుంది. అప్పుడు పంపు ఎఫిషియెన్సీ 35 శాతానికి ఎక్కుతుంది. నేను మొదట్లో చెప్పిన 28, 35 గొడవలో సగం ఇదే. ఒక బ్యాచ్ మొత్తం ఎఫిషియెన్సీ రాస్తుంది, ఇంకో బ్యాచ్ పంపుది రాస్తుంది, ఏది రాశారో ఎవరూ రాయరు. పైగా ఆ 80 శాతం అన్ని లోడ్‌ల దగ్గరా నిజం కాదు, లోడ్ తగ్గితే మోటారు ఎఫిషియెన్సీ పడిపోతుంది. నా మటుకు నేను మొత్తం ఎఫిషియెన్సీకే గ్రాఫ్ గీయిస్తాను. అది మనం కొలిచింది, రెండోది మనం అనుకున్నది.

వోల్టేజీ తగ్గిన మధ్యాహ్నాల్లో మోటారు స్పీడు కూడా తగ్గుతుంది. ట్యాకోమీటర్ ఉంటే ప్రతి రీడింగుకీ ఆర్‌పీఎం రాయండి. 2880 ఉండాల్సింది 2780 ఉంటే హెడ్ స్పీడు వర్గంతో మారుతుంది కాబట్టి, అసలు స్పీడుకి మార్చేటప్పుడు హెడ్‌ను 1.073తోనూ ప్రవాహాన్ని 1.036తోనూ గుణించాలి. ఉదయం బ్యాచ్‌కీ మధ్యాహ్నం బ్యాచ్‌కీ వచ్చే తేడాల్లో ఇదొకటి.

బిందువులు ఏడెనిమిది చాలు. వాల్వ్ పూర్తిగా మూసినప్పటి హెడ్ ఒకటి, పూర్తిగా తెరిచింది ఒకటి, మిగతావి మధ్యలో. ఎఫిషియెన్సీ గుట్ట పైభాగం దగ్గర ఇంకో రెండు వేయండి. గీత సాఫీగా గీయాలి, చుక్క నుంచి చుక్కకు స్కేలు పెట్టి కలపకూడదు. హెడ్ గీత కిందికి దిగాలి, పవర్ గీత పైకి ఎక్కాలి, ఎఫిషియెన్సీ సున్నా దగ్గర మొదలవ్వాలి. ఒక చుక్క దూరంగా పడితే దాన్ని రబ్బరుతో చెరపకుండా, పంపు ఇంకా నడుస్తుండగానే ఆ రీడింగు మళ్లీ తీయండి. అందుకే గ్రాఫ్ ఇంటికెళ్లి గీయొద్దంటాను, మోటారు ఆపకముందే పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకోవాలి.

వాక్యూమ్ గేజ్ మీద కన్నేసి ఉంచండి. ప్రవాహం పెరిగేకొద్దీ వాక్యూమ్ పెరగాలి. ట్యాంకు నిండేకొద్దీ సంపులో మట్టం దిగుతుంది, వాక్యూమ్ ఇంకొంచెం పెరుగుతుంది, కాబట్టి ట్యాంకు సగం నిండినప్పటి రీడింగు రాయడం మంచిది. సీనియర్ల రికార్డు చూసి ఎక్కించినవాళ్లు నాకు దొరికేది ఈ కాలమ్‌లోనే. అన్ని ప్రవాహాలకూ ఒకే 150 రాసి ఉంటుంది.

సక్షన్ వైపు వాల్వ్ ఉన్నా దానితో ప్రవాహాన్ని తగ్గించకూడదు. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి 10.3 మీటర్ల నీటికి సమానం. హైదరాబాద్ ఎత్తులో అది 9.7 మీటర్లే. అందులో నీటి ఆవిరి ఒత్తిడి, పైపు నష్టాలు పోగా మిగిలేది అనుకున్నంత ఉండదు. సక్షన్ బిగిస్తే లోపల ఆవిరి బుడగలు పుట్టి పగులుతాయి, కేసింగ్‌లో గుప్పెడు కంకర వేసి తిప్పినట్టు శబ్దం వస్తుంది. క్యావిటేషన్ చూపించడానికి కావాలని ఒకసారి చేయొచ్చు, కొన్ని సెకన్లే.

పొలం ఉన్న పిల్లలు "మా బోరు మోటారుకి ఇది చేయొచ్చా మేడం" అని అడుగుతారు. ప్రవాహం వరకు హాయిగా చేయొచ్చు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి టైమ్ తీయండి, 40 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు. మీటర్ లేని కనెక్షన్ అయితే ఎలక్ట్రీషియన్ చేత క్లాంప్ మీటర్‌తో కరెంటు చూపించాలి, పిల్లలు స్టార్టర్ డబ్బా తెరవకూడదు. హెడ్‌కి మోటారు నడుస్తున్నప్పుడు బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కావాలి. ఆపి ఉన్నప్పటి లోతు పనికిరాదు, నడిచేటప్పుడు మట్టం దిగిపోతుంది.

ఆపేటప్పుడు డెలివరీ వాల్వ్ మూసి, తర్వాత స్విచ్. మానోమీటర్ బైపాస్ తెరిచాకే ట్యాపింగ్ కాక్‌లు మూయాలి. కలెక్టింగ్ ట్యాంకు డ్రెయిన్ తెరిచే ఉంచండి, లేకపోతే తర్వాతి బ్యాచ్ చూసుకోకుండా మోటారు వేసి నీళ్లు నేల మీదికి పొర్లిస్తారు. సెలవులు వస్తే సంపు కూడా ఖాళీ చేసి, అడుగున పేరుకున్న తుప్పు, పాచి తీయించండి. ఫుట్ వాల్వ్‌లో ఇరుక్కునే చెత్త అక్కడి నుంచే వస్తుంది. పంపు చాలా రోజులు ఆగి ఉంటే స్విచ్ వేసే ముందు వెనక ఫ్యాన్ వైపు నుంచి షాఫ్ట్‌ను చేత్తో ఒకసారి తిప్పి చూడండి. పట్టేసి ఉంటే మోటారు ఊఁ అని మూలుగుతూ నిలబడిపోతుంది, అలా నాలుగు నిమిషాలు వదిలేస్తే వైండింగ్ కాలిపోతుంది.